బ్రౌన్ ఎస్‌కే 4 రేడియోగ్రామ్: లోపలిది బాగవుతుంది, పైది బాగవదు

పాత ఎలక్ట్రానిక్ సామాను కొనేటప్పుడు ఎవరైనా ముందు అడిగేది "పనిచేస్తుందా?" అనే. బ్రౌన్ ఎస్‌కే 4 దగ్గర మాత్రం ఆ ప్రశ్నకు రెండో స్థానమే. ముందు చూడాల్సింది మూత, రేకు, చెక్క. లోపల కండెన్సర్లు లీకవుతున్నా, వాల్వులు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలు) మాడిపోయినా, రికార్డు తిరగకపోయినా వాల్వు రేడియోల మీద చెయ్యి తిరిగిన మెకానిక్ దాన్ని మళ్లీ పాడిస్తాడు. అసలు మూత పగిలితే ఆ మూత ఇక రాదు. తెల్ల రేకు మీద ఎవరో స్ప్రే పెయింటు కొట్టేస్తే పాత తెలుపు ఇక కనిపించదు. ఈ పెట్టెకు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ఈ పైరూపానికే.

పశ్చిమ జర్మనీ కంపెనీ బ్రౌన్ 1956లో తెచ్చిన సెట్టు ఇది. రేడియో, రికార్డ్ ప్లేయర్, స్పీకర్ మూడూ ఒకే పెట్టెలో ఉంటాయి. సుమారు 58 సెం.మీ. పొడవు, 29 సెం.మీ. వెడల్పు, మూతతో కలిపి 24 సెం.మీ. ఎత్తు. డిజైన్ హన్స్ గూగెలోట్, డీటర్ రామ్స్ ఇద్దరిదీ. గూగెలోట్ అప్పటికే ఉల్మ్‌లోని డిజైన్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాడు. రామ్స్ అంతకు ఏడాది ముందే బ్రౌన్‌లో చేరిన కుర్ర ఆర్కిటెక్టు. రికార్డు తిప్పే యంత్రం రూపంలో విల్హెల్మ్ వాగెన్‌ఫెల్డ్ అనే జర్మన్ డిజైనర్ చెయ్యి ఉంది. ఈ గూగెలోటే 1965లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు (ఎన్‌ఐడీ) కూడా వచ్చి వెళ్లాడు, అదే ఏడాది చనిపోయాడు.

దీని గొప్ప అర్థం కావాలంటే అప్పటి మామూలు జర్మన్ రేడియోను పక్కన ఊహించుకోవాలి. అద్దంలా మెరిసే ముదురు వార్నిష్, అంచులకు ఇత్తడి రంగు పట్టీలు, ముందు బంగారు దారాల గుడ్డ, బీరువాకు చెల్లెల్లా ఉండే ఆకారం. ఎస్‌కే 4లో వాటిలో ఒక్కటీ లేదు. తెల్ల రంగు వేసిన ఉక్కు రేకు, అటూ ఇటూ రెండు ఎల్మ్ చెక్క పలకలు, పైన పారదర్శకమైన ప్లెక్సీగ్లాస్ మూత. అంతే. స్పీకర్ ముందు గుడ్డకు బదులు రేకులోనే సన్నటి చీలికలు. నాబ్‌లు, మీటలు, స్టేషన్ల స్కేలు అన్నీ పైకప్పు మీదే, రికార్డు పళ్లెం పక్కనే. దాచిపెట్టింది ఏదీ లేదు. జర్మన్లు దీన్ని ఎగతాళిగా స్నోవైట్ శవపేటిక అన్నారు, ఆ పేరే స్థిరపడింది.

ఆ మూత అందం కోసం పెట్టింది కాదు. మొదట అనుకున్నది రేకు మూతే. స్పీకర్ కూడా అదే పెట్టెలో ఉంది కదా, వాల్యూమ్ పెంచితే ఆ రేకు గిలగిలమని అదిరేది. రామ్స్ ప్లెక్సీగ్లాస్ పెడదామన్నాడు, అదురు పోయింది. ఆ తర్వాత ఎన్ని దేశాల్లో ఎన్ని కంపెనీల రికార్డ్ ప్లేయర్లు వచ్చినా పారదర్శక మూత మామూలు సంగతి అయిపోయింది. ఇంజినీరింగ్ ఇబ్బందికి దొరికిన మందు యాభై అరవై ఏళ్ల ఫ్యాషన్‌గా నిలిచిపోవడం డిజైన్ చరిత్రలో తరచు జరిగేదే. ఇందులో మాత్రం చాలా శుభ్రంగా కనిపిస్తుంది.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. మూతను వెలుతురుకు అడ్డంగా పెట్టి ఏటవాలుగా చూడండి. పైన గీతలు పెద్ద సమస్య కాదు. 1000, 2000, 3000 నంబర్ల నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) వరసగా రుద్ది, చివర ప్లాస్టిక్ పాలిష్ పెడితే చాలావరకు పోతాయి. భయపడాల్సింది లోపల్లోపల వెంట్రుకల్లా పాకే సన్న పగుళ్లకు. ఇవి వంపుల దగ్గర, కీళ్ల దగ్గర మొదలవుతాయి. స్పిరిట్, శానిటైజర్, థిన్నర్, అమోనియా కలిసిన గ్లాస్ క్లీనర్‌తో తుడిస్తే వస్తాయి. పాలిష్‌తో పోవు, రోజులు గడిచే కొద్దీ పెరుగుతాయి. ఇంటికి తెచ్చుకున్నాక కూడా సబ్బునీళ్లు, మెత్తటి నూలుగుడ్డ తప్ప మరేదీ తగలనివ్వకండి. కొత్తగా చేయించిన మూత వేసి ఉంటే అది తప్పు కాదు, కాని అమ్మేవాడు ఆ మాట ముందే చెప్పాలి, ధర దానికి తగ్గట్టు ఉండాలి.

రేకుకు మళ్లీ రంగు వేశారో లేదో పట్టుకోవడం తేలిక. చీలికల లోపలి అంచులు చూడండి. స్ప్రే రంగు అక్కడ గడ్డకట్టి చీలికను సన్నబరుస్తుంది. స్క్రూల తలల గాడిలో తెలుపు నిండి ఉంటే విప్పకుండానే కొట్టారన్నమాట. మీటల పక్కన అచ్చు వేసిన అక్షరాలు మరీ నల్లగా, స్టిక్కర్‌లా పైకి లేచినట్టుంటే అనుమానించండి. అసలు రంగు ఫ్రిజ్‌లాంటి తెల్లటి తెలుపు కాదు, కాస్త వెచ్చటి తెలుపు. నాలుగు చోట్ల పెచ్చు లేచి, అంచున కాస్త తుప్పున్న అసలు రంగు సెట్టు మెరిసిపోయే కొత్త రంగు సెట్టు కంటే విలువైనది. తుప్పును పాకనివ్వకుండా ఆ చోటు మటుకు శుభ్రం చేసి పల్చగా మైనం రాస్తే చాలు. చెక్కకు చిన్న చిన్న గుండ్రటి రంధ్రాలుంటే పురుగు పట్టిందన్నమాట. కింద తెల్ల పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు కరెంటు సంగతి. అమ్మేవాడు "ఆన్ అవుతుంది" అన్నాడని నేరుగా ప్లగ్గులో పెట్టకండి. అరవై ఏళ్లు దాటిన సెట్టు అది. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును ఫేజ్ తీగకు సీరీస్‌లో వేసి దాని ద్వారా కరెంటు ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే. వెలుగు తగ్గకుండా నిండుగా అలాగే ఉంటే లోపల షార్టు ఉంది, వెంటనే తీసెయ్యండి.

మార్చాల్సినవాటిలో మొదటిది, ఎట్టి పరిస్థితిలోనూ వాయిదా వెయ్యకూడనిది, ఔట్‌పుట్ వాల్వు (స్పీకర్‌ను నడిపే చివరి వాల్వు) గ్రిడ్డుకు, అంటే దాని కరెంటును అదుపుచేసే జాలికి, వెళ్లే కప్లింగ్ కండెన్సర్. పాత కాగితం కండెన్సర్లు తేమ పీల్చుకుని లీకవుతాయి. దీనికి ముందున్న వాల్వు ప్లేటు (ఎక్కువ వోల్టేజి ఉండే పలక) మీది డీసీ కొద్దికొద్దిగా గ్రిడ్డు మీదికి జారుతుంది. గ్రిడ్డు నెగెటివ్‌గా ఉండాల్సింది పాజిటివ్ వైపు పోతుంది. వాల్వు తన శక్తికి మించి కరెంటు లాగుతుంది. పాట వినబడుతూనే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. గంటో రెండు గంటలో గడిచాక వాల్వు ప్లేటు ఎర్రబడుతుంది, దానితోపాటు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. వాల్వు దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు. నాలుగు రూపాయల కండెన్సర్ చేసే నష్టం ఇది. విలువ ఎంతుంటే అంతే వేసి, 630 వోల్టుల పాలియెస్టర్ రకం పెట్టండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఇస్తారు. మార్చాక గ్రిడ్డు దగ్గర మీటరు పెట్టి పాజిటివ్ వోల్టేజి లేదని చూసుకోండి.

రెండోది పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్. ఇది ఎండిపోతే గుయ్యిమని హమ్మింగ్. పాత డబ్బా తీసి పారేయకుండా అలంకారానికి అక్కడే ఉంచి, తీగలు విడదీసి, కింద అదే విలువకు దగ్గరి కొత్తవి 450 వోల్టులవి వెయ్యొచ్చు. రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే భాగం) తర్వాత వచ్చే మొదటి కండెన్సర్ విలువ మాత్రం "ఎక్కువైతే మంచిదే కదా" అని పెంచకండి, ఆన్ చేసిన క్షణంలో రెక్టిఫయర్ మీద దెబ్బ పడుతుంది. మూడోది ఆ రెక్టిఫయరే. ఆ కాలపు సెట్లలో సెలీనియం పలకలుండేవి. అవి పోయేటప్పుడు కుళ్లిన వాసన వస్తుంది, ఆ పొగ పీల్చకూడదు, కిటికీలు తెరవండి. బదులు నాలుగు 1ఎన్4007 డయోడ్లతో బ్రిడ్జి వేస్తే సరిపోతుంది కాని సిలికాన్ దగ్గర వోల్టేజి నష్టం తక్కువ, అందువల్ల హెచ్‌టీ (వాల్వులకు అందే ఎక్కువ వోల్టేజి డీసీ) పెరిగిపోతుంది. 100 నుంచి 200 ఓమ్‌ల మధ్య 5 వాట్ల రెసిస్టర్ సీరీస్‌లో వేసి, సర్క్యూట్ కాగితం మీద రాసిన వోల్టేజికి తెచ్చుకోవాలి. మెయిన్స్‌కు అడ్డంగా ఉన్న చిన్న కండెన్సర్‌ను కూడా మరవకండి. దానికి ఎక్స్2 గుర్తున్న రకమే (మెయిన్స్‌కు అడ్డంగా వేయడానికి తయారైనది) వాడాలి. ఇవన్నీ చేసేటప్పుడు ప్లగ్గు తీసేసినా ఎలక్ట్రోలిటిక్‌లో 250 వోల్టుల దాకా నిలవ ఉంటుందని గుర్తుంచుకోండి, రెసిస్టర్‌తో దించాకే చెయ్యి పెట్టండి.

సెట్టు తయారైంది 220 వోల్టులకు. మన దగ్గర పేరుకు 230, రాత్రి పూట చాలా ఊళ్లలో 245, 250 కూడా చూపిస్తుంది. 250 వస్తే 6.3 వోల్టుల ఫిలమెంట్‌కు 7.1 పైనే అందుతుంది. వాల్వుల ఆయుష్షు అక్కడే తరిగిపోతుంది. వెనక వోల్టేజి మార్చే అమరిక ఉంటే 240 మీద పెట్టండి. లేకపోతే 24 వోల్టులు 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని ఎదురు ఫేజులో సీరీస్‌గా కలిపితే ఆ 24 తగ్గి వస్తుంది. స్టెబిలైజర్ కంటే చౌక, చప్పుడు లేదు. తీగలు తిప్పి కలిపితే తగ్గాల్సింది పెరుగుతుంది కనుక రేడియో తగిలించే ముందు మీటరుతో చూసుకోవాలి.

రికార్డు వైపు వద్దాం. నిమిషానికి చుట్లలో నాలుగు వేగాలు: 16, 33, 45, 78. మన ఇళ్లలో అటకల మీదున్న పాత 78 రికార్డులు ఆడించుకోవడానికి ఇది నిజంగా పనికొస్తుంది. కాని ముల్లు సంగతి ముందు తేల్చుకోవాలి. అప్పట్లో వాడింది క్రిస్టల్ పికప్ (ముల్లు కదలికను కరెంటుగా మార్చే భాగం). అందులో ఉండేది రోషెల్ ఉప్పు స్ఫటికం. తేమకు కరిగి చప్పబడుతుంది, 55 డిగ్రీలు దాటితే పాడైపోతుంది. విశాఖలోనో కాకినాడలోనో నాలుగు వానాకాలాలు గడిపినా, మే నెలలో మూసేసిన కారులో ఒక మధ్యాహ్నం ఉన్నా దాని పని అయిపోయినట్టే. జర్మనీలో బాగా పాడిందని వీడియో పంపిన పికప్ ఇక్కడికొచ్చాక నీరసంగా, బాస్ లేకుండా, గొంతు పట్టినట్టు వినిపిస్తే కారణం సాధారణంగా ఇదే. బదులు సిరామిక్ పికప్ వేసుకోవాలి. అదీ క్రిస్టల్ లాగే అర వోల్టు దరిదాపుల్లో ఇస్తుంది కనుక నేరుగా సరిపోతుంది. మూవింగ్ మాగ్నెట్ రకం వేస్తే 5 మిల్లీవోల్టులే వస్తుంది, ప్రీయాంప్ (సన్న సిగ్నల్‌ను పెంచే చిన్న యాంప్లిఫయర్) లేకుండా ఏమీ వినబడదు. పికప్‌ను తిప్పితే రెండు ముళ్లు ఉంటాయి: ఒకటి 78లకు లావుది, ఇంకొకటి ఎల్‌పీలకు (33 వేగపు పెద్ద రికార్డులు) సన్నది. లావు ముల్లు ఎల్‌పీ మీద పెడితే గాడి నాశనం, సన్నది 78 మీద పెడితే గాడి అడుగున దుమ్ములో దొర్లి బరబరలాడుతుంది. నీలం రాయి ముల్లయితే సుమారు 50 గంటలకే అరుగుతుంది. వజ్రం వేయించుకోవడం మేలు.

ముల్లు బరువు 6 నుంచి 10 గ్రాముల మధ్య ఉంటుంది. కొత్తగా కొన్న స్టీరియో ఎల్‌పీలు దీని మీద పెట్టకండి. బరువొక్కటే కాదు, మోనో పికప్ పైకీ కిందికీ సరిగా కదలదు. స్టీరియో గాడిలో ఆ కదలిక ఉండాలి. లేకపోతే ముల్లు గాడిని చెక్కుకుంటూ పోతుంది. 1950, 60ల తెలుగు 78లు, మోనో ఈపీలు దీనికి సరైన మేత.

పళ్లెం నెమ్మదిగా తిరుగుతున్నా, ఒక్కో చుట్టుకు "ధబ్, ధబ్" అని వినబడుతున్నా మోటారు తిప్పుడును పళ్లేనికి అందించే ఐడ్లర్ చక్రం రబ్బరు చూడండి. ఏళ్ల తరబడి ఒకే గేరులో నొక్కుకుని కూర్చుంటే రబ్బరుకు సొట్ట పడుతుంది. స్పిరిట్‌తో తుడిచి, తిప్పుతూ సన్న గరుకు కాగితంతో రుద్దితే చిన్న సొట్టలు పోతాయి. రాయిలా గట్టిపడితే కొత్త రబ్బరు ఎక్కించాల్సిందే. మోటారు బుష్‌లలో ఎండి జిగురైన పాత నూనె కడిగి రెండు చుక్కల పల్చటి మెషీన్ నూనె వెయ్యండి. కొబ్బరినూనె వెయ్యకండి, శీతాకాలంలో గడ్డకడుతుంది. వేగం చూసుకోవడానికి 50 సైకిళ్ల (హెర్ట్జ్) కరెంటుకు సరిపోయే స్ట్రోబ్ బిళ్ల (వేగం చూపే గీతల బిళ్ల) కాగితం మీద అచ్చు వేసుకోవచ్చు. 33 మీద 180 గీతలు కదలకుండా నిలబడాలి. ఎల్‌ఈడీ వెలుతురులో అది సరిగా కనబడదు, నియాన్ టెస్టర్ వెలుగైనా చాలు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక హెచ్చరిక. 110ని 220 చేసే ట్రాన్స్‌ఫార్మర్ కొంటే రేడియో పనిచేస్తుంది, రికార్డు మాత్రం పరుగెడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజినే మారుస్తుంది, సైకిళ్లను కాదు. 50 బదులు 60 సైకిళ్లంటే 33 పోయి 40 అవుతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడిన ఘంటసాల మూడో శ్రుతిలో ఎవరో కుర్రవాడిలా వినిపిస్తాడు. మోటారు పుల్లీ వ్యాసం ఆరో వంతు తగ్గించి లేత్ మీద కొత్తది చేయించాలి, లేదా 50 సైకిళ్లిచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ పెట్టాలి. పుల్లీయే మంచి దారి. పాత పుల్లీని పారెయ్యకండి.

రేడియోలో కూడా ఇలాంటి మెలికే ఉంది. ఆ కాలపు జర్మన్ ఎఫ్‌ఎం 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. హైదరాబాద్‌లో 91.1 రేడియో సిటీ, 98.3 మిర్చి బ్రహ్మాండంగా వస్తాయి. ఆకాశవాణి రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8 మాత్రం స్కేలు బయట ఉండిపోతాయి. విజయవాడ రెయిన్‌బో 102.2 కూడా అంతే. ట్యూనర్‌లో ఏ స్టేషన్ ఎక్కడ పడాలో తేల్చే ఆసిలేటర్ కాయిల్ కోర్‌ను కాస్త తిప్పి పైకి జరపొచ్చు. అలా చేస్తే కింది చివరి స్టేషన్లు పోతాయి, స్కేలు మీది ముల్లు చూపించే అంకె తప్పవుతుంది. రెయిన్‌బో లేకుండా పూట గడవని ఇంట్లో ఆ మాత్రం నష్టపోవచ్చు. తిప్పే ముందు కోర్ మొదట ఎక్కడుందో గుర్తు పెట్టించండి. ఏంటెనాకు ఖరీదైనదేమీ అక్కర్లేదు. రెండు తీగలు ఒక్కోటి 75 సెం.మీ. చొప్పున అడ్డంగా చాచి వెనక డైపోల్ సాకెట్‌కు కలిపితే చాలు. మీడియం వేవ్‌లో హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద ప్రసారమున్న వేళ వినొచ్చు, గదిలో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు ఆపగలిగితే. లాంగ్ వేవ్ ఉన్న మోడళ్లలో ఆ మీట ఇక్కడ ఉత్సవ విగ్రహమే.

ధ్వని ఎలా ఉంటుందంటే, గొంతుకు చాలా బాగుంటుంది. వార్తలు, హరికథ, పాత సినిమా పాట, వీణ స్పష్టంగా, దగ్గరగా వినిపిస్తాయి. మృదంగం తొప్పి వైపు గుమకం రాదు, అంత చిన్న పెట్టెలో ఆశించకూడదు కూడా. వాల్యూమ్ మూడొంతులు దాటించి రికార్డు పెడితే ఊళ మొదలవుతుంది. స్పీకర్ అదురు రేకు మీదుగా ముల్లుకు చేరి మళ్లీ స్పీకర్‌లోకి వస్తుంది కనుక. పళ్లెం యంత్రం కింది రబ్బరు దిమ్మలు గట్టిపడితే ఇది సగం వాల్యూమ్‌కే వస్తుంది. దిమ్మలు మార్చి, పెట్టెను బోలుగా ఉన్న ప్లైవుడ్ టీవీ స్టాండు మీద కాకుండా బరువైన బల్ల మీద పెడితే తగ్గుతుంది.

ఫోన్ పాటలు దీంట్లో వినాలనుకునేవాళ్లు ముందు ఛాసీకి (లోపలి లోహపు చట్రం), మెయిన్స్ ప్లగ్గు పిన్నులకు మధ్య మీటరు పెట్టి సంబంధం లేదని నిర్ధారించుకోవాలి. ఉంటే ఏ తీగా కలపకండి. లేకపోతే ఎడమ, కుడి రెండు తీగలను చెరో 10 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా ఒకటి చేసి ఇన్‌పుట్‌కు ఇవ్వొచ్చు. నేరుగా రెండూ కలిపేస్తే ఫోన్ ఔట్‌పుట్ దెబ్బతింటుంది.

ఏది కొనాలి? షోకేసులో పెట్టుకోవడానికైతే 1956, 57 నాటి ఎస్‌కే 4, ధర కూడా అలాగే ఉంటుంది. రోజూ వినడానికి 1958 ఎస్‌కే 5, లేదా వరుసలో చివరిదైన 1963 ఎస్‌కే 55 తెలివైన ఎంపిక. చూడటానికి తేడా అతి స్వల్పం, తేలికగా దొరుకుతాయి, విడిభాగాల కోసం చచ్చిన సెట్లు కూడా దొరుకుతాయి. 1960 నాటి స్టీరియో రకం ఎస్‌కే 6 తీసుకుంటే రెండో స్పీకర్ విడిగా కావాలి. అది లేకుండా అమ్మితే బేరం గట్టిగా ఆడండి. ఎల్‌పీలు మాత్రమే వినేవాళ్లు ఈ డబ్బుతో మామూలు కొత్త టర్న్‌టేబుల్, రెండు మంచి స్పీకర్లు కొనుక్కోవడం మేలు.

విదేశం నుంచి తెప్పిస్తున్నట్టయితే ప్యాకింగ్ మీద బేరమాడకండి. పళ్లెం తీసి విడిగా చుట్టాలి, పికప్ చేతిని దాని పీఠానికి కట్టాలి. వాల్వులు ఊడదీసి ఒక్కోదానికీ దాని సాకెట్ నంబరు రాసి పంపాలి. మూత మాత్రం సెట్టు మీద ఉంచి పంపకూడదు. కీళ్లు విప్పి వేరే పెట్టెలో, మెత్తటి గుడ్డలో, రెండు పార్శిళ్లుగా పంపమనండి. దానికి అదనంగా అడిగిన డబ్బు ఇచ్చెయ్యండి.